అద్దాలాయన వెతికిన గొంతు

పాత సంగతుల సంఘం వాళ్ళు నెలకోసారి బయలుదేరే బస్సు ఎంత పాతదంటే, ఒకసారి దాన్ని మ్యూజియం ముందు ఆపితే అక్కడి కాపలాదారు దాన్నీ లోపలికి తోసి పెట్టమన్నాడట. ఎక్కేవాళ్ళు కూడా దానికి తగ్గవాళ్ళే. అందరిలోకీ చిన్నవాడికి సైతం మోకాళ్ళ నొప్పులు. అయినా ఎవరింట్లోనో తుప్పు పట్టిన కత్తి ఉందని వినపడితే చాలు, తెల్లారేసరికి చెప్పులు వేసుకుని రోడ్డు మీద ఉండేవాళ్ళు.

సంఘానికి అధ్యక్షుడు రిటైరైన లెక్కల మేస్టారు. ఆయన నోట రెండో మాట 'ఆధారం ఏది?' అన్నదే కాబట్టి అందరూ ఆయన్ని ఆధారం మేస్టారు అనేవాళ్ళు. ఇవాళ ఎండ మండిపోతోందండీ అని ఎవరైనా అంటే, ముందు తన చొక్కా వీపు తడుముకుని, చెమట తగిలాక గానీ ఒప్పుకునేవాడు కాదు. టీ చల్లారిపోతోందని భార్య కేకేస్తే అందులో వేలు ముంచి చూసేవాడట. ఇంటికి నిప్పంటుకుందని చెబితే ఏం చేసేవాడో ఊహించుకుని జనం నవ్వుకునేవాళ్ళు.

ఆ బస్సులో ఎడమవైపు కిటికీ పక్క సీటు అద్దాలాయనది. అద్దాలాయన అంటే కళ్ళజోళ్ళ దుకాణం ఆయన. దుకాణం ఎంత ఇరుకంటే, లోపలికి వచ్చిన మనిషి వెనక్కి తిరగాలంటే మళ్ళీ బయటికి పోయి తిరిగి రావాలి. అందులోనే అద్దాలు అరగదీసే చక్రం, అక్షరాల బోర్డు, ఫ్రేములు వేలాడే తీగ, ఒక స్టూలు. అక్కడ కూర్చుని ఆయన సగం ఊరికి చూపు తెచ్చిపెట్టాడు. బోర్డు చదవమంటే తడబడే ముసలాళ్ళకి కింది వరస తనే గుసగుసగా అందించేవాడు. ఎందుకయ్యా అలా అంటే, "పాపం, పరీక్ష తప్పామని ఇంటికి పోయి దిగులు పెట్టుకుంటారు. అద్దం మాత్రం నేను సరైనదే ఇస్తాను కదా" అనేవాడు.

మ్యూజియంలో పెద్ద పెద్ద పటాల ముందు నిలబడితే ఆయనకి రాజులు కనపడేవాళ్ళు కాదు, కళ్ళు కనపడేవి.

"ఈ దొరగారికి దూరం ఆనదు మేస్టారూ. కనుబొమలు ఎలా ముడేశాడో చూడండి. ఎదురుగా వచ్చేది శత్రువు అయినా దగ్గరికొచ్చేదాకా చుట్టాలనుకుని ఉంటాడు."

"ఆధారం ఏది?"

"యుద్ధం ఓడిపోయాడని కింద రాశారుగా. ఇంకేం ఆధారం కావాలి మీకు?"

అంతా నవ్వేవాళ్ళు. ఆయన పక్క సీటులో కూర్చునే మరదలు మాత్రం నవ్వకుండా, "చూపు గురించి ఈయనే చెప్పాలి. మొన్న నా చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా పోయాడు" అనేది. ఆవిడ ఆయన భార్యకి చెల్లెలు. నెత్తి నెరిసి చాలాకాలమైనా ఆయన ఆవిడని 'పిల్లా' అనే పిలుస్తాడు. ఆవిడ భర్త, అంటే ఆయన తోడల్లుడు, ఆదివారం నాడు భూకంపం వచ్చినా మంచం దిగే రకం కాదు. అందుకని బావా మరదళ్ళే ఈ ప్రయాణాలు చేసేవాళ్ళు. దారి పొడుగునా ఆవిడ నోరు ఊరుకునేది కాదు. బస్సుకి హారన్ లేకపోయినా ఫరవాలేదు, ఆవిడ ఉందిగా అని డ్రైవరు అనేవాడు.

వీళ్ళిద్దరికీ కత్తుల మీదా నాణేల మీదా ఆవగింజంత ఆసక్తి లేదని బస్సులో ఎవరికీ తెలియదు. వీళ్ళు ఒక టేపు రికార్డరు కోసం వెతుకుతున్నారు.

ఆ సంగతి ఇలా మొదలైంది. ఆయన భార్యకి గొంతులో ఏదో పుట్టింది. ఆపరేషన్ చేయాలి, చేశాక మాట ఉండదని డాక్టరు చెప్పేశాడు. ఆవిడ ఆ రోజు ఇంటికొచ్చి మామూలుగానే బట్టలు మడతపెట్టింది. మర్నాడు పొద్దున, "ఎక్కడైనా మాటలు పట్టే పెట్టె దొరుకుతుందేమో చూడండి" అంది. ఆయన రేడియోల రిపేరు షాపులో పాత స్పూలు టేపు రికార్డరు ఒకటి పట్టుకొచ్చాడు. రెండు చక్రాలు తిరిగే రకం. టేపు ఎంత తిరిగిందో చూపే అంకెల కిటికీకి అద్దం పగిలి ఉంటే, భూతద్దం ముక్క ఒకటి గుండ్రంగా అరగదీసి అందులో బిగించాడు. ఆవిడకి దగ్గర చూపు తక్కువ, అంకెలు పెద్దగా కనపడాలని. చివర్లో చక్రం మీద చెయ్యి జారి అద్దం అంచున చిన్న పెచ్చు ఊడింది. "బాగానే ఉంది లెండి. దాంట్లో చూస్తే అంకెలు కూడా మీలాగే బొద్దుగా ఉన్నాయి" అందావిడ.

ఆయన్ని గదిలోంచి బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి, ఆవిడ చాలాసేపు ఒక్కతే మాట్లాడింది. అంతా అయ్యాక ఒకే షరతు పెట్టింది.

"నేను పోయాక వినండి. ఇప్పుడే వినేస్తే, ఆ తరవాత మీకు చెప్పడానికి నా దగ్గర ఏం ఉంటుంది?"

ఆపరేషన్ తరవాత ఆవిడ ఇంకో మూడేళ్ళు బతికింది. వంటింట్లోంచి పిలవాలంటే చప్పట్లు కొట్టేది. ఒక చప్పట అంటే రండి అని, రెండు అంటే తొందరగా రండి అని, ఆపకుండా కొడితే ఆయన ఏదో తప్పు చేశాడని. ఆ ఇంట్లో పోట్లాటలు కూడా చప్పట్లతోనే జరిగేవి. బయట పోయేవాళ్ళకి లోపల ఏదో సన్మానం జరుగుతున్నట్టుండేది.

ఆవిడ పోయింది. పోయాక ఆయన టేపు వినలేదు. ఇవాళ రేపు అంటూ వాయిదా వేశాడు. ఒకసారి వింటే అయిపోతుంది. విననంతకాలం ఆవిడ ఇంకా ఏదో చెప్పాల్సినట్టే, తను వినాల్సినట్టే ఉంటుంది. పెట్టె అలమరా కింది అరలో గుడ్డ కప్పుకుని ఉంది. దాని ముందు నుంచి పోయేటప్పుడల్లా ఆయనకి ఇంట్లో మనిషి ఉన్నట్టే ఉండేది.

అంతలో ఆయన కళ్ళకే శుక్లాలొచ్చాయి. ఊరందరికీ అద్దాలిచ్చిన మనిషి కంటికి పట్టీ కట్టుకుని ఆసుపత్రిలో పడుకున్నాడు. ఈలోగా మరదలు వచ్చి, బావ ఇల్లు ఎలుకల సత్రంలా ఉందని, దులిపి, కడిగి, పనికిరాని సామానంతా పాత సామాన్లవాడికి ఇచ్చేసింది. పట్టీతో ఇంటికొచ్చిన ఆయన తడుముకుంటూ పోయి కింది అరలో చెయ్యి పెట్టాడు.

"ఇక్కడుండే పెట్టె ఏది పిల్లా?"

"అదా. ఎప్పటి డొక్కు బావా అది, మీట నొక్కితే కదల్లేదు. పాత ఫ్యాను, అదీ కలిపి ఇచ్చేశా."

ఆయన ఉన్నచోటే కూర్చుని, అందులో ఏముందో చెప్పాడు. అరవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే ఆవిడ తట్టుకునేదేమో. చీపురు చేతిలోనే పట్టుకుని నేల మీద కూలబడింది. ఆ తరవాత ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

మాట ఎత్తలేదు గానీ వెతుకులాట మానలేదు. సామాన్లవాడు దాన్ని ఇంకొకడికి అమ్మాడు, వాడు ఇంకొకడికి. చివరివాడు, "ఇలాంటివి పాతవి పోగేసుకునే పెద్దమనుషులకి పోతాయమ్మా. వాళ్ళ ఇళ్ళల్లోకి మనల్ని ఎవరు రానిస్తారు" అన్నాడు. సంఘం వాళ్ళని రానిస్తారు. మరదలు ఆ వారమే ఇద్దరి పేర్లూ సంఘంలో చేర్పించేసింది.

ఏళ్ళు గడిచాయి. దీపాలు చూశారు, కత్తులు చూశారు, ఒకాయన పోగేసిన గొళ్ళేలు గది నిండా చూశారు. ఇంకొకాయన గుండీలు చూపిస్తూ మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాడు. టేపు రికార్డర్లు కూడా రెండు మూడు చోట్ల కనపడ్డాయి. ఆయన వంగి అంకెల కిటికీ చూసేవాడు, నిటారుగా లేచేవాడు, మరదలు ఆయన మొహం చూసి బస్సు వైపు నడిచేది.

ఈలోగా ఇంకో సంగతి జరిగింది. ఒక రోజు దుకాణంలో ఫ్రేము బిగిస్తూ భార్య ఏదో అన్న మాట గుర్తు తెచ్చుకోబోయాడు. మాట గుర్తొచ్చింది, గొంతు రాలేదు. మొహం వచ్చింది, నడక వచ్చింది, చప్పట్లు వచ్చాయి. గొంతు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమంటారు? పెళ్ళాం గొంతు మర్చిపోయిన మగాణ్ణి ఏమని ఓదారుస్తారు? ఆ రోజు నుంచి ఆయనకి ఆ టేపులో ఏం చెప్పిందన్నది రెండో సంగతి అయిపోయింది. ఆ గొంతు ఒక్కసారి చెవిన పడితే చాలు.

ఆ ఆదివారం వాళ్ళు వెళ్ళింది ఒక కలప వ్యాపారి ఇంటికి. ఆయన మాట్లాడే యంత్రాలు పోగేస్తాడు. మేడ మీద పొడుగాటి హాలు నిండా గ్రామఫోన్లు, రేడియోలు, టెలిఫోన్లు. అన్నిటికీ పాలిష్ పెట్టి, ఎంత తళతళలాడిస్తాడంటే, సంఘంలో ఒకావిడ రేడియోలో చూసుకుని బొట్టు సరిచేసుకుంది.

అందరూ మెట్లెక్కి పోయారు. అద్దాలాయన మాత్రం కింద ఆగిపోయాడు. బిస్కెట్ల బామ్మకి మెట్లంటే కొండతో సమానం. సంఘం మొత్తానికీ ఆవిడే పెద్ద. చేతిలో ఎప్పుడూ బిస్కెట్ల డబ్బా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఆవిడ కళ్ళజోడు ఆయన చేసిందే.

"నువ్వు పోవయ్యా, నేను మెల్లిగా వస్తాను."

"నా అద్దాలు పెట్టుకుని మీరు మెట్టు తప్పితే నా దుకాణానికి చెడ్డపేరు బామ్మగారూ."

ఆవిడ ఒక మెట్టు ఎక్కి ఒక కథ చెబుతుంది, ఇంకో మెట్టు ఎక్కి ఆయాసం తీర్చుకుంటుంది. సగం మెట్ల మీద కూర్చుని ఆయనకో బిస్కెట్టు ఇచ్చింది కూడా. పైనుంచి ఆధారం మేస్టారి గొంతు గంభీరంగా వినపడుతోంది. ఏదో ఉపన్యాసం. మేస్టారి ఉపన్యాసం మొదలైతే గోడ గడియారం కూడా దిక్కులు చూస్తుందని అందరికీ తెలుసు. తొందరేం లేదులే అనుకుని బామ్మ పక్కనే కూర్చుని బిస్కెట్టు తిన్నాడు.

పైకి చేరేసరికి హాలు చివర అంతా గుమిగూడి పకపకా నవ్వుతున్నారు. మధ్యలోంచి మరదలి గొంతు వస్తోంది గానీ, మరదలు మాత్రం నోరు మూసుకుని నిలబడి ఉంది.

"మా బావ ఊరందరికీ కళ్ళజోళ్ళు చేస్తాడు గానీ, కళ్ళెదుట ఉన్నది ఆయనకి కనపడదు. ఇది ఆయన చెవిన పడకూడదు, పడితే నా కళ్ళజోడు ఉచితం కాదు" అంటోంది ఆ గొంతు.

"పడింది, పడింది" అన్నాడాయన నవ్వుతూ.

"వచ్చారా, రండి" అన్నాడు కలప వ్యాపారి. "మా ఇంటి ఆనవాయితీ ఇది. ఎవరొచ్చినా ఈ మిషన్‌లో తలో మాట మాట్లాడి, వాళ్ళ గొంతు వాళ్ళు విని పోవాలి. మామూలుగా జనం నమస్కారం అని ఒక ముక్క చెప్పి సిగ్గుపడి ఊరుకుంటారు. మీ మేస్టారు మాత్రం మొహమాటం లేకుండా మాట్లాడారు."

పెట్టెకి కొత్త తోలు తొడిగి ఉంది, మూలలకి ఇత్తడి బిళ్ళలు. చక్రాలు తిరుగుతున్నాయి. అందులో ఇప్పుడు మేస్టారి గొంతు అందుకుంది. చరిత్రకి ఆధారం ఎంత ముఖ్యమో చెబుతోంది.

"ఇంకో విశేషం చూడండి. అంకెల మీద భూతద్దం. కంపెనీ వాళ్ళు ఈ ఒక్క మిషన్‌కే పెట్టారు. ఇంకెక్కడా ఉండదు."

అద్దాలాయన వంగాడు. లోపల అంకెలు బొద్దుగా కదులుతున్నాయి. అద్దం అంచు మీద వేలు పెట్టి చుట్టూ జరిపాడు. పెచ్చు ఊడినచోట వేలు ఆగింది.

"ఇది కంపెనీవాళ్ళు పెట్టింది కాదండీ" అన్నాడు. "నేను పెట్టింది."

ఆ మాట మెల్లిగానే అన్నాడు. మరదలికి ఒక్కదానికే అర్థమైంది. పక్కనున్న రేడియో అంచు గట్టిగా పట్టుకుంది. తోలు మారింది, మూలలు మారాయి, గుర్తుపట్టలేదు. గుర్తుపట్టకుండానే దాని ముందు నిలబడి అందరినీ నవ్వించింది.

"ఈ టేపు?" అన్నాడాయన.

"మిషన్‌తోపాటే వచ్చిందండీ. నా దగ్గర దీనికి ఇదొక్కటే ఉంది. ప్రతిసారీ మొదటికి తిప్పుకుని పాతదాని మీదే మాట్లాడుకుంటున్నాం. ఎవరో ఆవిడ మాట్లాడింది ఉండేది అందులో."

"ఏం మాట్లాడింది?"

కలప వ్యాపారికి ఆ అడగడంలో ఏదో తేడా తెలిసింది. టేపు ఆపేశాడు. మేస్టారు మాట మధ్యలో తెగిపోయాడు.

"కొన్న కొత్తలో కాసేపు విన్నానండీ. ఇంటి సంగతులే. పాలు పొయ్యి మీద పెట్టి పేపరు చదవద్దు అని ఒకటి. చలికాలం దుప్పట్లు ఎక్కడ పెట్టిందో చెప్పింది. ఎవరో చెల్లెలి గురించి కూడా..." ఆయన తల గోక్కున్నాడు. "దాన్ని ఏమీ అనకండి, దానిది నోరే గానీ మనసు వెన్న, అలాంటిదేదో. నాకు నవ్వొచ్చింది. సరిగ్గా గుర్తులేదండీ. మనవాళ్ళెవరూ కాదు కదా అని..."

మరదలు అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయింది.

"గొంతు ఎలా ఉండేది?" అన్నాడు అద్దాలాయన.

"గొంతా? మామూలు ఆడవాళ్ళ గొంతేనండీ."

ఇంకేమైనా చెబుతాడేమోనని ఆయన ఎదురుచూశాడు. తన భార్య తనకోసం దాచిన మాటలు విన్న మనిషి లోకంలో ఇతనొక్కడే. ఇతనికేమో గుర్తులేదు. దారినపోయే దానయ్యకి ముట్టినట్టు ముట్టాయి అవి.

"ఇప్పుడు ఏమీ మిగల్లేదా?"

కలప వ్యాపారి మేస్టారి వైపు చూడబోయి, చూపు తిప్పుకున్నాడు. "జనం చిన్న చిన్న ముక్కలు మాట్లాడేవాళ్ళు కాబట్టి టేపు మొదట్లో కొంచెమే పోయిందండీ. ఇవాళ పొద్దున్నదాకా చాలా భాగం ఉండే ఉంటుంది."

అప్పటికి అందరికీ అర్థమైంది. ఆధారం మేస్టారు రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని, "నేను ఎంతసేపు మాట్లాడాను?" అన్నాడు. అంతా టేపు చక్రాల వైపు చూశారు. ఆయన ఆధారం అడగలేదు.

"చివర్లో ఏమైనా ఉందేమో చూద్దాం" అంది బామ్మ వెనకనుంచి. "కుర్చీ తెచ్చి ఆయన్ని కూర్చోబెట్టండి ముందు."

కుర్చీ వచ్చింది. మీట నొక్కారు. మేస్టారి ఉపన్యాసం మళ్ళీ మొదలైంది. దాన్ని ముందుకి తిప్పుదామంటే, ఉన్న ముక్క దాటిపోతుందేమోనని కలప వ్యాపారికి భయం. అందుకని అందరూ నిలబడి దాన్ని పూర్తిగా వినాల్సి వచ్చింది. జీవితంలో మొదటిసారి మేస్టారు తన ఉపన్యాసం తను విన్నాడు. మాట మాటకీ ఆయన తల కిందికి వాలింది. 'కాబట్టి మిత్రులారా, చెరిగిపోయిన దాన్ని ఎవరూ తిరిగి రాయలేరు' అని టేపులో మేస్టారు ముగించాడు. జనం చప్పట్లు కొట్టారు. టక్కుమంది.

తరవాత గరగరమని చప్పుడు. ఆ గరగరలోంచి ఒక ఆడగొంతు.

"...అంతే ఇంక. మిగతావి మీకే తెలుస్తాయి. ఇదెలా ఆపాలి... ఏమండీ, ఇదీ..."

తలుపు చప్పుడై, మళ్ళీ టక్కుమంది. ఆపైన చక్రాలు ఊరికే తిరిగాయి.

"అక్క" అంది మరదలు. అరవలేదు. తలుపు తీస్తే ఎదురుగా అక్క కనపడినట్టు, అంత మామూలుగా అంది. ఆ తరవాత కొంగు నోట్లో కుక్కుకుంది.

అద్దాలాయన కుర్చీ పెట్టె దగ్గరికి జరుపుకున్నాడు. "ఇంకోసారి" అన్నాడు. వెనక్కి తిప్పి పెట్టారు. వంగి, చెవి పెట్టెకి దాదాపు ఆనించి విన్నాడు. "ఇంకొక్కసారి" అన్నాడు. ఆవిడ ఇది మాట్లాడిన మధ్యాహ్నం తలుపు బయట తను నిలబడ్డ చోటు గుర్తొచ్చింది. ఆవిడ పిలిస్తే టేపు ఆపడానికి లోపలికి వెళ్ళడం గుర్తొచ్చింది. వేలి కింద ఎర్ర బొత్తాం చల్లదనం గుర్తొచ్చింది. ఏమండీ అన్న ఆ గొంతు మాత్రం, దుకాణానికి ఫ్రేము కోసం వచ్చిన ఎవరో ఆవిడ గొంతులా ఉంది.

చాలాసేపటికి తల ఎత్తి, "ఈవిడేనా?" అని అడిగాడు.

ఆధారం మేస్టారు దగ్గరికొచ్చి ఆయన ముందు వంగాడు. మేస్టారి కళ్ళజోడు తడిసిపోయి ఉంది. "ఆవిడేనండీ. ఆధారం ఉంది. అద్దం మీరు పెట్టిందే. టేపు దాంతోనే వచ్చింది. నా కంటే ముందు ఎవరూ అంత దూరం మాట్లాడలేదని ఈయనే చెబుతున్నారు. చెల్లెలు గుర్తుపట్టింది. ఇంకో మనిషి అవడానికి వీల్లేదు."

"ఆధారం సరే మేస్టారూ" అన్నాడు అద్దాలాయన. "నాకు తెలియాలి కదా."

మేస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

కలప వ్యాపారి ఆయన చేతులు పట్టుకున్నంత పని చేశాడు. మిషన్ తీసుకుపొమ్మన్నాడు, మనిషినిచ్చి ఇంటిదాకా పంపిస్తానన్నాడు. అద్దాలాయన వద్దని తల ఊపాడు. స్పూలు ఒక్కటి తీసి ఇమ్మన్నాడు. బామ్మ డబ్బాలో మిగిలిన బిస్కెట్లు తన కొంగులో పోసుకుని, డబ్బా తుడిచి ఇచ్చింది. స్పూలు అందులో సరిగ్గా పట్టింది. ఆయన మూత పెట్టి, దాన్ని మరదలి ఒళ్ళో పెట్టాడు.

"నువ్వు తీసుకెళ్ళు పిల్లా."

"నేనెందుకు బావా? నీది కదా."

"నేనేం చేస్తాను? రోజూ పెట్టుకుని ఈవిడెవరా అని ఆలోచించనా? నీకు తెలిసినావిడ కదా. నీ దగ్గరే ఉండనీ."

ఆవిడ డబ్బా వెనక్కి తోయబోయింది. ఆయన మొహం చూసి ఊరుకుంది. ఇన్నాళ్ళూ ఆయన తిడితే బాగుండునని ఎదురుచూసిన మనిషి ఆవిడ. ఆయన తిట్టకుండా ఇచ్చిన ఆ డబ్బా తీసుకుని, రెండు చేతులతో పొట్టకి హత్తుకుని మెట్లు దిగింది. వెనక బామ్మని మేస్టారు దింపాడు, ఒక్కొక్క మెట్టూ, చెయ్యి పట్టుకుని.

బస్సు కదిలింది. ప్రతిసారీ తిరుగుప్రయాణంలో చూసినవాటి మీద వాదనలు జరుగుతాయి. ఆ రోజు ఇంజను చప్పుడు తప్ప ఇంకేం లేదు. డ్రైవరు రెండుసార్లు అద్దంలోంచి వెనక్కి చూశాడు, అసలు జనం ఎక్కారా లేదా అని.

అద్దాలాయన కిటికీలోంచి బయటికి చూస్తూ, చాలా దూరం పోయాక అడిగాడు.

"ఎలా గుర్తుపట్టావు?"

"గుర్తుపట్టడమేంటి బావా. అక్క కదా."

"అవును" అన్నాడు. "చప్పట్లయితే నేనూ పట్టేవాణ్ణి. ఊళ్ళో అందరూ కలిసి కొట్టినా అందులో ఆవిడదేదో చెప్పేవాణ్ణి. ఆ మూడేళ్ళ చప్పట్లూ గొంతు మీద పడిపోయినట్టున్నాయి" అన్నాడు.

ఆవిడ ఒళ్ళో డబ్బా మూత గట్టిగా నొక్కింది. బస్సు ఊళ్ళోకి తిరిగింది.

"ఏదైనా మాట్లాడు పిల్లా."

"ఏం మాట్లాడను?"

"ఏదైనా. రోజూ వాగుతావుగా. మీరిద్దరూ ఒక తల్లి పిల్లలు. ఎక్కడో ఒక మాటలో ఆ గొంతు తగలకపోతుందా."

అర్థం కావడానికి ఆవిడకి కొంతసేపు పట్టింది. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు ఊరుకోవడం ఆవిడకి అదే మొదలు. చివరికి కిటికీ బయటికి చూసి, పక్కనుంచి పోతున్న దుకాణాల బోర్డులు పైకి చదవడం మొదలుపెట్టింది.

"సైకిళ్ళు అద్దెకివ్వబడును... మందుల షాపు... ఇచ్చట మిక్సీలు, ఫ్యాన్లు రిపేరు చేయబడును... రంగులు, సున్నం... ఫొటో స్టూడియో..."

కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ చదివింది.

"పిల్లల బట్టలు... చెప్పులు... తాళాలు..."

ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని, ఆవిడ వైపు చెవి వంచి, మాట మాటకీ ఆగుతూ వింటున్నాడు. దుకాణాలు అయిపోయి ఇళ్ళు వచ్చాయి. చదవడానికి బోర్డుల్లేవు. ఆవిడ ఇళ్ళ గోడల రంగులు చెప్పడం మొదలుపెట్టింది. పసుపు, తెలుపు, మళ్ళీ తెలుపు.